'లేడు సార్' అంటే ఎక్కడ లేడు? ఐదో తరగతి పిల్లలతో ఆలోచన చేయించడం గురించి

వంశధార ఒడ్డు (గుణుపురం), నవంబరు 23

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

రాయగడ జిల్లా గుణుపురంలో ఒక చిన్న బడిలో ఐదో తరగతి చెప్తాను. క్లాసులో 31 మంది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 13 మంది, ఒడియా వాళ్ళు 11, సవర పిల్లలు 7. పాఠాలు ఒడియాలో జరుగుతాయి, ఆటలు మూడు భాషల్లోనూ. శనివారం ఆఖరి పీరియడు 40 నిమిషాలు నాకు వదిలేశారు. అందులో పాఠం చెప్పను. పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటి పట్టుకుని అందరం కింద చాప మీద గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటాం. జూలైలో మొదలుపెట్టాను. మూడు నెలలు పెద్దగా ఏమీ జరగలేదు. పిల్లలు నా మొహం చూసి నాకు ఏది నచ్చుతుందో అదే చెప్పేవాళ్ళు. "అబద్ధం ఆడకూడదు సార్", "పెద్దల మాట వినాలి సార్", అంతే. అప్పజెప్పినట్టుండేది.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు హాజరు పిలుస్తున్నాను. "ఏడు" అన్నాను. తెలుగు పిల్లలు "లేడు సార్" అన్నారు, ఒడియా పిల్లలు "నాహిఁ సార్" అన్నారు. 7వ నంబరు అబ్బాయి అమ్మానాన్నలతో కలిసి ఇటుకబట్టీ పనికి వెళ్ళిపోయాడు. పేరు కొట్టెయ్యడానికి నాకు మనసొప్పలేదు. రోజూ పిలుస్తాను, రోజూ లేడంటారు. ఆ రోజు 11వ నంబరు పిల్ల లేచి నిలబడింది. ఆ నెలలోనే వాళ్ళ నాయనమ్మ పోయింది. "సార్, ఏడు లేడంటే ఎక్కడో ఉన్నాడు కదా. మా నాయనమ్మ లేదంటే ఎక్కడా లేదు. మరి రెంటికీ ఒకే మాట ఏటి సార్?" అంది.

నేను వెంటనే "నాయనమ్మ దేవుడి దగ్గరుందమ్మా" అన్నాను. పిల్ల తలూపి కూర్చుంది. నేను ఎనిమిదో నంబరు పిలిచాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల ఓదార్పు అడగలేదు. ఒక మాట రెండు పనులు చేస్తోందని కనిపెట్టి, అదెలాగో చెప్పమంది. నేను దాన్ని ఒక్క వాక్యంతో మూసేశాను.

శనివారం ఆ ప్రశ్నని బోర్డు మీద ఆ పిల్ల మాటల్లోనే రాసి, పక్కన ఆమె పేరు రాశాను. కింద ఒడియాలో కూడా రాశాను. ఒక్కటే నియమం: ముందు మాట్లాడినవాళ్ళు ఏమన్నారో చెప్పాకే తన మాట చెప్పాలి. ఆ తర్వాత జరిగింది చూడండి. ఒకడు "టిఫిన్ డబ్బాలో అన్నం లేదు, తినేశాను కాబట్టి లేదు" అన్నాడు. ఇంకొక పిల్ల "మా అక్క ఇంట్లో లేదు, కానీ పండక్కి వస్తుంది" అంది. ఈమధ్యే కోరపన్ను ఊడిన అబ్బాయి నోరు తెరిచి వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ పన్ను లేదు. పాతది పోయి లేదు. కొత్తది ఇంకా రాక లేదు. రెండు లేదులు ఒకే చోట ఉన్నాయి సార్" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ వాడి నోట్లోకి చూశారు.

జూలై నుంచి ఒక్క మాట కూడా మాట్లాడని సవర పిల్ల ఒకమ్మాయి ఉంది. పక్క పిల్ల చెవిలో తన భాషలో ఏదో చెప్పింది. పక్క పిల్ల దాన్ని ఒడియాలో అందరికీ చెప్పింది: "వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళతో మాట్లాడతారంట. లేకపోతే ఎవరితో మాట్లాడుతున్నట్టు అని అడుగుతోంది." ఆ తర్వాత క్లాసులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ పీరియడులో నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటున్నాను.

ఇప్పుడు నా సందేహం. ఇది ఇలాగే ఎలా నడపాలి? నేను ఎంత మాట్లాడాలి? మీలో ఎవరైనా పిల్లలతో ఇలాంటిది చేశారా?

సిరొంచ అమ్మ, నవంబరు 23

మాస్టారూ, చదివి కండ్లల్ల నీళ్ళొచ్చినయి. కానీ నా భయం కూడా చెప్పనివ్వండి.

మేము సిరొంచలో ఉంటాం, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగే. బాబు మరాఠీ మీడియంలో ఐదు చదువుతున్నడు. నవోదయ పరీక్షకు తయారు చేస్తున్నం. 80 ప్రశ్నలు, 2 గంటలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు, అందులో ఒక్కటే కరెక్టు. మాలాంటోళ్ళ పిల్లలకు పై చదువుకు అదే దారి. వాడికి ప్రతిదాంట్ల "ఇట్ల కూడా అనొచ్చు, అట్ల కూడా అనొచ్చు" అని అలవాటైతే ఆ నాలుగు గడుల ముందల కూసొని ఏం చేస్తడు? నాకు నిజంగా టెన్షన్.

ఇంకోటి. నాయనమ్మ పోయిన నెలలనే ఆ పాపను అందరి ముందు ఆ సంగతి మీద కూసోబెట్టుడు సరైందేనా? మా పోరడైతే ఏడ్చేటోడు.

జయపురం చదువరి, నవంబరు 24

మాస్టారూ, మీరు చేసినదానికి చరిత్ర ఉంది. కొరాపుట్ జిల్లా జయపురం నుంచి రాస్తున్నాను, బీఎడ్ చేస్తున్నాను, ఇదే నాకు ఇష్టమైన విషయం.

అమెరికాలో మాథ్యూ లిప్‌మన్ అని ఒక తత్వశాస్త్ర ప్రొఫెసర్. కొలంబియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. పెద్దవాళ్ళయ్యాక తర్కం నేర్పితే ఆలస్యమైపోతోందని ఆయనకు అనిపించింది. 10, 11 ఏళ్ళ పిల్లల కోసం ఒక నవల రాశాడు. అందులో పిల్లలే మాట్లాడుకుంటూ, పొరబడుతూ, తర్కం నియమాలు తామే కనిపెడతారు. తర్వాత న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్‌కు మారి, 1974లో ఆన్ మార్గరెట్ షార్ప్‌తో కలిసి దీనికోసమే ఒక సంస్థ పెట్టాడు. వాళ్ళ పద్ధతి కూడా దాదాపు మీదే: అందరూ కలిసి కొంచెం చదవడం, పిల్లలు ప్రశ్నలు అడగడం, ప్రశ్న పక్కన అడిగినవాళ్ళ పేరు రాయడం, ఒకటి ఎంచుకుని మాట్లాడుకోవడం. పేరు రాయడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా పెద్దది. ఆ ప్రశ్న ఇంక ఆ పిల్లదే.

సిరొంచ అమ్మగారూ, మార్కుల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. ఇంగ్లండులో 48 ప్రాథమిక బడుల్లో దీన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ఇచ్చారు. చదవడంలో, లెక్కల్లో ఈ పిల్లలు దాదాపు రెండు నెలల చదువంత ముందున్నారని తేలింది. అందరూ సంబరపడ్డారు. తర్వాత ఇంకా పెద్దగా మళ్ళీ చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. చదవడంలో ఈసారి ఆ లాభం కనబడలేదు. కాబట్టి మార్కులు పెరుగుతాయని నేను మీకు మాట ఇవ్వను. ఇది మార్కుల కోసం చెయ్యాల్సిన పని అని కూడా అనుకోను. కానీ నాలుగు గడుల్లో మూడు ఎందుకు తప్పో చెప్పగలిగిన పిల్లవాడు నాలుగోదాన్ని టెన్షన్ లేకుండా దిద్దుతాడు. అది నా నమ్మకం.

రాయగడ నాన్న, నవంబరు 24

మాస్టారూ, మీరు మంచివారు. మా ఇంటి సంగతి వినండి. మా అబ్బాయికి పోయినేడు ఒక టీచరమ్మ ఇలాంటిదే నేర్పారు. ఇప్పుడు పడుకోరా అంటే "పడుకోవడం అంటే ఏంటి" అంటాడు. వాళ్ళమ్మ ఏదంటే దానికి అడ్డం. ఎదుటివాళ్ళ మాట ఎలా పడగొట్టాలన్నదే వాడి ధ్యాస. ఇదేనా తత్వం?

మహేంద్రతనయ (పర్లాకిమిడి), నవంబరు 25

నాయనా, నేను రిటైరయిన తెలుగు పండితుణ్ణి. మాస్టారి పోస్టు మూడుసార్లు చదివాను. తొందరపడకుండా రాస్తాను.

ముందు రాయగడ బాబుకి. మన న్యాయదర్శనంలో, అంటే పాత తర్కశాస్త్రంలో, మాట్లాడుకోవడం మూడు రకాలు. నిజం తెలుసుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తన పక్షమంటూ ఏమీ లేకుండా ఎదుటివాడిది కొట్టిపారెయ్యడమే పనిగా పెట్టుకున్నది వితండ. మన ఇళ్ళలో "వితండవాదం చెయ్యకు" అంటామే, ఆ మాట అక్కడిదే. మీ అబ్బాయికి వచ్చింది మూడోది. రోగం ప్రశ్నలో లేదు. "మరి నువ్వేమంటావు, ఎందుకంటావు" అని వాణ్ణి ఎవరూ అడగకపోవడంలో ఉంది. ఈసారి వాడు "పడుకోవడం అంటే ఏంటి" అంటే మీరు జవాబు చెప్పకండి, కోప్పడకండి. "నువ్వు చెప్పు" అని ఎదురుగా కూర్చోండి.

ఇక మాస్టారి క్లాసు. నాయనా, ఆ పిల్లలు ఏం చేశారో మీకు తెలుసో లేదో. తర్కంలో 'లేకపోవడాన్ని' అభావం అంటారు. అది నాలుగు రకాలు. పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం: కుండ చెయ్యకముందు కుండ లేదు. పోయాక లేకపోవడం ప్రధ్వంసాభావం: కుండ పగిలింది, లేదు. ఎప్పుడూ లేకపోవడం అత్యంతాభావం: గాలికి రంగు లేదు. ఒకటి ఇంకొకటి కాకపోవడం అన్యోన్యాభావం: కుండ బట్ట కాదు. మీ కోరపన్ను కుర్రాడు ఒక్క చిగురు మీద వేలు పెట్టి ప్రాగభావాన్నీ ప్రధ్వంసాభావాన్నీ చూపించాడు. నేను కుండలతో ముప్పై ఏళ్ళు చెప్పినా ఇంత తేటగా చెప్పలేకపోయాను.

ఇంకొకటి గమనించండి. మొదటి మూడింటికీ తెలుగులో 'లేదు' అంటాం, నాలుగోదానికి 'కాదు' అంటాం. ఒడియాలోనూ అంతే: నాహిఁ వేరు, నుహేఁ వేరు. హిందీలో రెండిటికీ 'నహీఁ' ఒక్కటే. కాబట్టి మన సరిహద్దు పిల్లలకి ఇది ఒకరు నేర్పాల్సిన తేడా కాదు, నోట్లో పుట్టిన తేడా. వాళ్ళకి అది చూపిస్తే చాలు.

తర్కం మొదలుపెట్టేవాళ్ళు చదివే తర్కసంగ్రహం అనే పుస్తకం రాసిన అన్నంభట్టు మనవాడే, తెలుగువాడు. మొదటి శ్లోకంలోనే "బాలానాం సుఖబోధాయ" అన్నాడు, బాలురకి తేలిగ్గా తెలియడానికి రాస్తున్నానని. వ్యాఖ్యాతలు మాత్రం బాలుడంటే పాలు తాగే పిల్లవాడు కాదు, వ్యాకరణం కావ్యం చదివి తర్కం చదవనివాడు అని సర్దిచెప్పారు. నేనూ అలాగే చెప్తూ వచ్చాను. మాస్టారి పోస్టు చదివాక అన్నంభట్టు మాటని ఉన్నదున్నట్టే తీసుకోవాలనిపిస్తోంది.

బల్లార్షా టీచరమ్మ, నవంబరు 25

పంతులుగారూ, దండాలు. కుండ, పన్ను రెండూ గుర్తుండిపోతాయి.

మాస్టారూ, నాకు 52 మంది. చాప వేసి గుండ్రంగా కూర్చోబెట్టే చోటు కూడా లేదు. గోల ఎక్కువైతే పక్క క్లాసు వాళ్ళు వచ్చి తలుపు కొడతారు. మీ ప్రశ్నలు నాకు ఇష్టమే కానీ 52 మందితో ఎలాగమ్మా?

వంశధార ఒడ్డు, నవంబరు 26

అందరికీ ఒక్కొక్కరుగా జవాబు రాస్తాను.

సిరొంచ అమ్మగారూ, మీ రెండో మాట నన్ను గుచ్చింది. నిజమే, నేను ఆ పిల్లని ముందుగా అడగలేదు. నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మతో మాట్లాడాను. "సార్, అది ఇంట్లో రోజూ అదే అడుగుతోంది. మేము ఊరుకోమంటున్నాం. మీ క్లాసులో ఊరుకోమనలేదని చెప్పింది" అన్నారు. అయినా ఇకమీదట ఇలాంటి ప్రశ్న బోర్డు మీద రాసేముందు అడిగినవాళ్ళని పక్కకు పిలిచి "రాయమంటావా" అని అడుగుతాను. మీరు చెప్పకపోతే నాకు తట్టేది కాదు.

జవాబుల సంగతి. ప్రతి జవాబూ సరైనదే అని నేను అనను. ఒకడు "మర్చిపోతే లేనట్టే" అన్నాడు. ఇంకొకడు "నేను మొన్న పెన్సిల్ ఎక్కడ పెట్టానో మర్చిపోయాను, అది బ్యాగులోనే ఉంది" అన్నాడు. మొదటివాడు కాసేపు ఆలోచించి "అయితే నాది తప్పు" అన్నాడు. నేను చెప్పి ఉంటే వాడు ఒప్పుకునేవాడే కానీ అది ఒప్పుకోవడం అయ్యేది, తెలుసుకోవడం అయ్యేది కాదు.

టీచరమ్మగారూ, మా క్లాసులో కూడా 31 మందీ ఒకేసారి మాట్లాడలేరు. రెండు వరసలు చేశాను. లోపలి గుండ్రంలో పదిమంది మాట్లాడతారు. వెనక కూర్చున్నవాళ్ళు వినాలి. ఒక్కొక్కరికి లోపల ఒకర్ని అప్పగిస్తాను, వాళ్ళు ఏమన్నారో ఒక్క వాక్యం రాయాలి. వారం వారం లోపలివాళ్ళు మారతారు. మాట్లాడే చోట చేతిలో చింతగింజ ఉంటేనే మాట. గింజ పక్కవాడికి ఇస్తే వాడి వంతు. మీరు 52 మందితో 12 మందిని లోపల కూర్చోబెట్టి చూడండి. ఎవరికి మాట వద్దో వాళ్ళు గింజ ఊరికే దాటించెయ్యొచ్చు. ఇది ముఖ్యం. మాట్లాడని పిల్లలు ఆలోచించట్లేదని ఎప్పుడూ అనుకోవద్దు. మా సవర అమ్మాయి నాలుగు నెలలు దాటించింది.

పంతులుగారూ, మీ పోస్టు ప్రింటు తీసి పెట్టుకున్నాను.

జయపురం చదువరి, నవంబరు 26

ఒక ఆలోచన. మా జిల్లాలో కొటియా ఉంది కదా. ఆ 21 ఊళ్ళు మావంటే మావని ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలూ అంటున్నాయి. అక్కడివాళ్ళ దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఒక మనిషి ఒకేసారి రెండు చోట్లకి చెందవచ్చా, గీత అంటే ఏంటి, ఎవరు గీశారు అని పిల్లలతో మాట్లాడిస్తే ఎలా ఉంటుంది?

మహేంద్రతనయ, నవంబరు 27

బాబూ, మంచి ప్రశ్నే. కానీ అది నీ ప్రశ్న. ఏ పిల్లో ఏ పిల్లడో "సార్, మా మామయ్య ఏ రాష్ట్రం" అని అడిగిన రోజున అది వాళ్ళ ప్రశ్న అవుతుంది. అప్పటిదాకా ఆగు. మనం ఇచ్చిన ప్రశ్నకి పిల్లలు మనకి కావలసిన జవాబే వెతుకుతారు. మాస్టారికి మొదటి మూడు నెలలు అయింది అదే.

ఆ సవర పిల్ల గురించి కూడా ఒక మాట. మా ఊరి గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి బడిలో చెప్తూ సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, పిల్లలకి బడులు పెట్టించారు. తర్వాత వాడుక భాష కోసం పోరాడారని ఆయన్ని తలుచుకుంటాం కానీ ఆ పోరాటం సవర వాడల్లోనే మొదలైందని నాకనిపిస్తుంది. ఒడిశా ప్రభుత్వం కూడా 2006-07లో గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు మొదటి భాషల్లో సవర ఒకటి. పిల్లకి తన ఆలోచన తన మాటలోనే వస్తుంది. పక్క పిల్ల చెవిలో చెప్పిందంటే అర్థం అదే. ఆ పక్క పిల్లని కూడా మెచ్చుకోండి. ఒకరి ఆలోచనని ఇంకొక భాషలోకి వంచకుండా తేవడం చిన్న పని కాదు.

రాయగడ నాన్న, డిసెంబరు 8

పంతులుగారూ, మీరు చెప్పినట్టు చేశాను. "నువ్వు చెప్పు" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పడుకుంటే నేను ఎక్కడికి పోతానో తెలీదు, అందుకని భయం" అన్నాడు. ఇన్నాళ్ళూ అది అడ్డం మాట అనుకున్నాను. వాడి పక్కన పడుకున్నాను.

సిరొంచ అమ్మ, డిసెంబరు 9

అన్నా, చదివి మా బాబు దగ్గరికి పోయి కూసున్న. పరీక్షకు చదువు అనలేదు ఇవ్వాళ. వాడే "అమ్మా, మరాఠీల నాహీ, నవ్హే రెండున్నై కదా, మా బడిల అందరు రెంటికీ నాహీ అనే అంటరు, మరి నవ్హే ఎటు పోయింది" అని అడిగిండు. ఈ ముచ్చట నేను ఇంట్ల చదువుతుంటే విన్నడట. నాకు జవాబు తెల్వదు. తెల్వదనే చెప్పిన.

బల్లార్షా టీచరమ్మ, జనవరి 18

మాస్టారూ, చింతగింజ పనిచేసింది. మొదటి రెండు వారాలు గింజ కోసం కొట్లాట. మూడో వారం ఒక అబ్బాయి ప్రశ్న తెచ్చాడు. వాళ్ళ నాన్న బొగ్గు గనిలో పని. "బొగ్గు ఒకప్పుడు చెట్టు అని పుస్తకంలో ఉంది. మరి ఇప్పుడు చెట్టు లేదా? చెట్టే బొగ్గు అయిందా?" అని. పంతులుగారి నాలుగు అభావాల్లో ఇది ఎక్కడ పెట్టాలో నాకే అర్థం కాలేదు. పిల్లలు రెండు జట్లయ్యారు. 'పోయింది' జట్టు, 'అయింది' జట్టు. అడిగిన అబ్బాయి ఏ జట్టులోనూ చేరలేదు. "మాట్లాడింది చాలదు, ఇంకో వారం కావాలి" అన్నాడు. ఇచ్చాను.

పక్క క్లాసు ఆవిడ మళ్ళీ తలుపు కొట్టారు. లోపలికి రమ్మన్నాను. వెనక వరసలో కూర్చుని విన్నారు.

మహేంద్రతనయ, జనవరి 19

అమ్మా, ఎక్కడ పెట్టాలో నాకూ తెలియలేదు. రాత్రంతా ఆలోచించాను. పాలు పెరుగైతే పాలు లేవంటామా, పాలే పెరుగంటామా అని పెద్దవాళ్ళు వందల ఏళ్ళు వాదించుకున్నారు. మీ అబ్బాయికి ఇంకో వారం కాదు, ఎన్ని వారాలు కావాలంటే అన్ని ఇవ్వండి.

వంశధార ఒడ్డు, జూన్ 28

చాలా రోజులకి మళ్ళీ ఈ చర్చలోకి వచ్చాను. మధ్యలో ఇబ్బందులు వచ్చాయి. శనివారం పీరియడు తీసేసి లెక్కలకు ఇవ్వాలని బడివాళ్ళు అన్నారు. 11వ నంబరు పిల్ల వాళ్ళమ్మ, ఇంకో నలుగురు తల్లులు వచ్చి మాట్లాడారు. ఉంచారు. పిల్లలు ఆరుకి వెళ్ళారు, నన్నూ వాళ్ళతోపాటే ఆరుకి మార్చారు.

అసలు సంగతి. 7వ నంబరు అబ్బాయి తిరిగొచ్చాడు. బట్టీ పని అయిపోయి వానలకు ముందు ఇంటికి వచ్చేశారు. కొంచెం నల్లబడ్డాడు, చేతులు గరుకుగా అయ్యాయి. బడివాళ్ళని బతిమాలి ఆరులో కూర్చోబెట్టాను. పోయిన చదువు సాయంత్రాలు చెప్తున్నాను. హాజరులో "ఏడు" అనగానే "ఉన్నాను సార్" అన్నాడు. క్లాసంతా వాడివైపు తిరిగింది. వాడికేమీ అర్థం కాలేదు.

శనివారం కోరపన్ను అబ్బాయి వాడికి మొత్తం చెప్పాడు. పన్ను వచ్చేసింది, అది కూడా చూపించాడు. "నువ్వు లేనప్పుడు నీ గురించి చాలా మాట్లాడుకున్నాం. నువ్వు లేడు అంటే ఎక్కడో ఉన్నావని తేల్చాం" అన్నాడు. చింతగింజ వాడి చేతికిచ్చారు. వాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నేను ఉన్నాను కదా," అన్నాడు. "అక్కడ మీరే లేరు."

దాన్ని బోర్డు మీద రాసి పక్కన వాడి పేరు రాశాను. అప్పటికి గంట కొట్టేశారు. వచ్చే శనివారం దాంతోనే మొదలుపెడతాం. సవర అమ్మాయి వెళ్ళేటప్పుడు బోర్డు తుడవొద్దని ఒడియాలో చెప్పింది. నాతో నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి.